ఎనిమిది వందల మీటర్లు: ఎవరి కొలత, ఎవరి శరీరం?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ కుటుంబ హింస గురించీ, భూమి పట్టాల గురించీ, కూలి రేట్ల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఈవిడ పరుగు గురించి మాట్లాడతానంటుందేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను మాట్లాడబోయేది ఆటల పోటీల గురించి కాదు. ఒక మనిషి ఎంత దూరాన్ని ఎంతసేపట్లో పరిగెత్తిందో చూసి, ఆ ఒక్క అంకెతో ఆమె ‘ఫిట్’ అవునో కాదో తేల్చేసే పద్ధతి గురించి.

ఇది మన పనికి దూరమైన విషయం కాదు. మండల కేంద్రాల్లో పనిచేసే మీకు బాగా తెలుసు. కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడగానే డిగ్రీ పూర్తిచేసిన ఆడపిల్లల్లో ఎంత ఆశ పుడుతుందో చూస్తున్నాం. ఆ కుటుంబంలో అది మొదటి ప్రభుత్వోద్యోగం కావచ్చు. ఉద్యోగం వస్తే పెళ్ళి మాట రెండేళ్ళు వాయిదా పడుతుంది. రాకపోతే ఆ మాఘమాసంలోనే ముహూర్తం. ఇంత జీవితం కొన్ని సెకన్ల మీద ఆధారపడుతున్నప్పుడు, ఆ సెకన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎవరు నిర్ణయించారు అని అడగడం హక్కుల ప్రశ్నే అవుతుంది.

మొదట ఒక దూరం గురించి చెబుతాను. ఎనిమిది వందల మీటర్లు.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో తొమ్మిది మంది పరిగెత్తారు. తొమ్మిది మందీ చివరి గీత దాటారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. అది అప్పటికి ప్రపంచ రికార్డు. ప్రాణం పెట్టి పరిగెత్తినవాళ్ళెవరైనా చేసేట్టే, గీత దాటాక ఆయాసంతో కూలబడ్డవాళ్ళు ఉన్నారు. మర్నాడు పత్రికలు సగం మంది పరుగు పూర్తిచేయలేక దారిలోనే పడిపోయారన్నట్టు రాశాయి. ఇంత దూరం పరిగెత్తడం స్త్రీ శరీరానికి తగదన్నారు. ఆ పరుగును ఒలింపిక్స్‌లోంచి తీసేశారు. అది తిరిగి వచ్చింది 1960లో, రోమ్‌లో. అంటే ముప్ఫై రెండేళ్ళ పాటు 800 మీటర్లు ఆడవాళ్ళకు చేతకాని దూరంగా ఉండిపోయింది. 1500 మీటర్లు 1972లో వచ్చింది. మారథాన్ 1984 దాకా రానేలేదు. మగవాడు గీత దాటి పడిపోతే శక్తినంతా ధారపోశాడని పొగిడారు. స్త్రీ పడిపోతే ఆమె శరీరమే సరిపోదన్నారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2022లో తెలంగాణ పోలీసు నియామకాల నోటిఫికేషన్‌లో స్త్రీలకు పెట్టిన పరుగు ఎంత? 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లలో. ఒకప్పుడు స్త్రీలు పరిగెత్తకూడదన్న దూరమే ఇప్పుడు పరిగెత్తకపోతే పనికిరారని చెప్పే దూరమయింది. పరిగెత్తనివ్వకపోవడంలోనూ, పరిగెత్తించి తేల్చడంలోనూ ఒక సంగతి మారలేదు. రెండుసార్లూ నిర్ణయం స్త్రీలు చేసింది కాదు.

పరుగుతో ఫిట్‌నెస్‌ను కొలవడమన్న ఆలోచనకు ఒక చరిత్ర ఉంది. 1968లో అమెరికా వైమానిక దళంలో వైద్యుడిగా ఉన్న కెనెత్ కూపర్ ఒక సులువైన పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పరిగెత్తగలిగితే అంత ఫిట్ అన్నాడు. ప్రయోగశాల అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. ఒక మైదానం, ఒక గడియారం ఉంటే చాలు. అందుకే సైన్యాలూ, పోలీసు శాఖలూ, బడులూ దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఆ సంవత్సరం ఆయన ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించింది 115 మందిని. అందరూ వైమానిక దళంలో పనిచేసే పురుషులే. వాళ్ళ వరకూ ఆ కొలత బాగానే పనిచేసింది. దోషం కొలతది కాదు. ఒక గుంపు మగవాళ్ళ మీద తయారైన కొలతను మనుషులందరి కొలతగా తీసుకోవడంలో ఉంది.

దీర్ఘదూరపు పరుగు నిజానికి దేన్ని కొలుస్తుంది? శరీరం ఒక నిమిషంలో, ఒక కిలో బరువుకు, ఎంత ప్రాణవాయువును వాడుకోగలదో దాన్ని అంచనా వేస్తుంది. ప్రాణవాయువును కండరాలకు మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. సగటున స్త్రీలలో హిమోగ్లోబిన్ పురుషులకంటే తక్కువ. శరీరంలో కొవ్వు పాలు ఎక్కువ. కాబట్టి ఇద్దరూ సమానంగా శిక్షణ పొందినా సగటు వేగంలో తేడా ఉంటుంది. 100 మీటర్లలో పురుషుల ప్రపంచ రికార్డు 2009 నాటిది, 9.58 సెకన్లు. స్త్రీలది 1988 నాటిది, 10.49 సెకన్లు. ఇద్దరూ తమ తమ శరీరాలకు సాధ్యమైన చివరి అంచున ఉన్నవాళ్ళే. వాళ్ళలో ఒకరు ఫిట్, ఒకరు కాదు అని ఎవరైనా అంటారా?

ఇది ప్రకృతి ఇచ్చిన తేడా. దాని మీద సమాజం పెట్టిన తేడా ఇంకొకటుంది. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు దేశంలో 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దేశంలో పురుషులలో 25 శాతం. స్త్రీకీ పురుషుడికీ రక్తహీనతను నిర్ణయించే గీతలు వేర్వేరుగా, స్త్రీకి తక్కువగానే గీశారు. ఆ తక్కువ గీతను కూడా మన ఆడవాళ్ళలో సగానికి పైగా అందుకోలేకపోతున్నారు. అందరూ తిన్నాక మిగిలింది తినడం, గుడ్డూ పాలూ మగపిల్లాడికి పెట్టడం, వరస కాన్పులు, ఇవన్నీ రక్తంలో కనిపిస్తాయి. రక్తంలో ఉన్నది మైదానంలో ఆయాసంగా బయటపడుతుంది. స్టాప్‌వాచ్‌ పట్టుకుని నిలబడ్డ అధికారి ఆ పిల్ల కాళ్ళను కొలుస్తున్నాననుకుంటాడు. ఆ ఇంట్లో ఎవరు ముందు తిన్నారో కూడా ఆ గడియారంలో నమోదవుతోంది.

ఇక్కడ ఒక కేసు గురించి వివరంగా చెప్పాలి. ఇది కెనడాలో జరిగింది. మన చర్చకు చాలా ఉపయోగపడుతుంది.

బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో టానీ మెయోరిన్ అనే స్త్రీ అడవి మంటలు ఆర్పే ప్రభుత్వ దళంలో పనిచేసేది. మంట మొదలవగానే ముందుగా వెళ్ళే దళం అది. మూడేళ్ళు పనిచేసింది. ఆమె పని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఈలోగా ప్రభుత్వం కొత్త దేహదారుఢ్య పరీక్షలు పెట్టింది. వాటిలో ఒకటి రెండున్నర కిలోమీటర్లు 11 నిమిషాల్లో పరిగెత్తడం. మెయోరిన్ మిగతావాటిలో నెగ్గింది. పరుగులో నాలుగుసార్లు ప్రయత్నించింది. అన్నిటికంటే బాగా పరిగెత్తినప్పుడు ఆమెకు పట్టింది 11 నిమిషాల 49.4 సెకన్లు. 49.4 సెకన్ల తేడాతో, 1994లో, ఆమె ఉద్యోగం పోయింది.

మూడేళ్ళుగా మంటలు ఆర్పుతున్న మనిషిని మంటలు ఆర్పడానికి పనికిరావని ఒక పరుగు చెప్పింది.

ఆమె యూనియన్ ఊరుకోలేదు, కేసు వేసింది. విచారణలో తేలిందేమిటంటే, ఆ పరీక్షలో మొదటిసారే నెగ్గే పురుషులు 65 నుంచి 70 శాతం ఉంటే, స్త్రీలు 35 శాతమే. ఆ ప్రమాణాన్ని అందుకోకపోతే మంటలు ఆర్పే పని క్షేమంగా చేయలేరని ప్రభుత్వం నిరూపించలేకపోయింది. మధ్యలో ఒక కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చివరికి 1999 సెప్టెంబర్‌లో కెనడా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని చెప్పింది.

ఆ తీర్పులో కోర్టు మూడు ప్రశ్నలు పెట్టింది. ఒకటి, ఈ ప్రమాణం పెట్టిన ఉద్దేశానికీ, ఆ ఉద్యోగానికీ సంబంధం ఉందా? రెండు, ఆ ఉద్దేశం నెరవేరడానికి ఇది అవసరమని నిజాయితీగా నమ్మి పెట్టారా? మూడు, ఇది లేకపోతే పని జరగనే జరగదా, తేడాలున్న మనుషులకు చోటిస్తే యజమాని భరించలేనంత కష్టం వస్తుందా? మూడింటికీ అవునని నిరూపించాల్సింది యజమానే. ఉద్యోగి కాదు.

నాకు ముఖ్యంగా కనిపించింది ఇంకొకటి. స్త్రీలకు కాస్త రాయితీ ఇవ్వండి అని ఆ కోర్టు సరిపెట్టలేదు. పురుషుడి శరీరంతో ప్రమాణం తయారుచేసి, తర్వాత దయతలచి స్త్రీకి మినహాయింపు ఇస్తే, ఆ ప్రమాణం అలాగే ఉండిపోతుంది. స్త్రీ ఎప్పటికీ మినహాయింపుగానే ఉంటుంది. అలా కాకుండా, ప్రమాణం తయారుచేసేటప్పుడే అందులో అందరి శరీరాలూ ఉండాలి అన్నది.

మనకు రెండు వైపులా గొయ్యే. స్త్రీలకు వేరే కొలత పెడితే ‘కన్సెషన్ మీద వచ్చినదానివి’ అని స్టేషన్‌లో జీవితాంతం దెప్పుతారు. ఒకే కొలత పెడితే గేటు దగ్గరే ఆపేస్తారు. ఈ రెండింటి మధ్యా కొట్టుకోకుండా అడగవలసిన ప్రశ్న, ఫిట్ అంటే దేనికి ఫిట్? ఏ పనికి?

న్యాయస్థానాలన్నీ ఒకే దారిలో నడిచాయని చెప్పను. అమెరికాలో ఫిలడెల్ఫియా నగర రవాణా పోలీసు శాఖ 1991లో ఒకటిన్నర మైళ్ళు 12 నిమిషాల్లో పరిగెత్తాలన్న నిబంధన పెట్టింది. ఎక్కువమంది స్త్రీలు తప్పారు. 1999లో అప్పీలు కోర్టు గట్టి షరతు పెట్టింది. ఉద్యోగానికి కనీసంగా ఎంత కావాలో ఆ కొలత అంతే అడగాలంది. కానీ 2002లో అదే కోర్టు ఆ పరుగును సమర్థించింది. ఒక మోస్తరు శిక్షణ తీసుకుంటే స్త్రీలు కూడా నెగ్గగలరు, తీసుకోనిది వాళ్ళే కదా అన్నది దాని వాదనల్లో ఒకటి.

ఈ వాదనను మనం తోసిపారేయకూడదు. శిక్షణతో చాలామంది నెగ్గగలరన్నది నిజం. మన లెక్కలే చూద్దాం. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లంటే గంటకు 9 కిలోమీటర్ల వేగం. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ అభ్యర్థినులకు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో. ఇదీ గంటకు 9 కిలోమీటర్ల పైచిలుకే. ఆరోగ్యంగా ఉన్న ఇరవై రెండేళ్ళ పిల్ల నాలుగు నెలలు సాధన చేస్తే ఇది అందని వేగం కాదు. అయితే ఆ నాలుగు నెలలు ఎవరికి దొరుకుతాయి? ఆ మైదానం ఎవరిది?

నేను మాట్లాడిన అభ్యర్థినులు చెప్పిన సంగతులు దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. జూనియర్ కాలేజీ గ్రౌండ్‌కి తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్ళాలి. తెల్లవారితే క్రికెట్ ఆడే కుర్రాళ్ళు వస్తారు. చీకట్లో వెళ్ళాలంటే నాన్నో తమ్ముడో తోడు రావాలి. తోడు వచ్చేవాళ్ళు లేని పిల్లకు సాధన లేదు. మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. ట్రాక్ ప్యాంటు వేసుకుని వీధిలోంచి వెళ్ళడం మొదటి వారం ఒక పరీక్ష. పరిగెత్తడానికి తగిన లోదుస్తులు కొనుక్కోవాలని చెప్పేవాళ్ళే లేరు. బహిష్టు తేదీ, పరుగు తేదీ ఒక్కటే అవుతుందేమోనని భయపడి మందులు మింగినవాళ్ళున్నారు. ‘ఎనిమిదో తరగతి తర్వాత పరిగెత్తడం ఇదే మొదటిసారి మేడమ్’ అన్న పిల్లలు చాలామంది.

ఈ ఆఖరి మాట మీద ఆగుదాం. ఎనిమిదో తరగతి అంటే ఏమిటో మనకందరికీ తెలుసు. ‘పెద్దమనిషివయ్యావు, ఇంకా ఆ గంతులేమిటి’ అన్న మాట మొదలయ్యే ఏడు అది. అడుగుల చప్పుడు వినిపించకుండా నడవడం నేర్పుతాం. నవ్వినా తుమ్మినా నెమ్మదిగా ఉండాలంటాం. 1980లో ఐరిస్ మారియన్ యంగ్ అనే స్త్రీవాద తాత్వికురాలు ‘త్రోయింగ్ లైక్ ఎ గర్ల్’ అన్న వ్యాసంలో దీన్నే చర్చించింది. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు చేయి మాత్రమే కదులుతుంది, ఒళ్ళంతా కదలదు. చుట్టూ చోటున్నా ఆ చోటు తనది కాదన్నట్టు ముడుచుకుని ఉంటుంది. ఇది ఎముకల్లో ఉన్నది కాదు, బతికిన తీరులోంచి వచ్చిందంటుంది ఆమె. పదేళ్ళపాటు ముడుచుకోవడం నేర్పి, నోటిఫికేషన్ పడ్డాక నాలుగు నెలల్లో విప్పుకొమ్మంటున్నాం.

సమయం సంగతి కూడా చూడండి. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. పాల్గొనే పురుషులు 97 నిమిషాలు. తేడా మూడు గంటలకు పైనే. అన్న సాధన చేసి వచ్చి పడుకుంటాడు. చెల్లెలు సాధన చేసి వచ్చి పొయ్యి దగ్గరికి వెళుతుంది. ఇద్దరికీ శిక్షణ అవకాశం సమానమే అనడం ఎలా కుదురుతుంది?

ఇక అసలు ప్రశ్న. ఈ అంకెలకూ పోలీసు పనికీ సంబంధమేమిటి? తెలంగాణలో 2018 నియామకాల్లో స్త్రీలకు ఉన్నది 100 మీటర్లు, 20 సెకన్లలో. 2022లో అది 800 మీటర్లయింది. నాలుగేళ్ళలో మహిళా కానిస్టేబుల్ పని ఎనిమిది రెట్లు పొడవయిందా? అదే సమయంలో పక్క రాష్ట్రంలో 1600 మీటర్లు. కృష్ణకు ఇటు ఒడ్డున ఉన్న పిల్ల ఫిట్, అటు ఒడ్డున ఉన్న పిల్ల అన్‌ఫిట్. ఇద్దరూ చేయబోయేది అదే పని.

ఆ పని ఏమిటో కూడా మనకు తెలుసు. బందోబస్తులో పది పన్నెండు గంటలు నిలబడాలి, దాహమేసినా మరుగుదొడ్డి లేదని నీళ్ళు తాగకుండా ఉండాలి. నిందితురాలిని కోర్టుకు తీసుకెళ్ళాలి. అర్ధరాత్రి దెబ్బలు తిని వచ్చిన స్త్రీ చెప్పేది ఓపికగా విని రాసుకోవాలి. అవసరమైతే పరిగెత్తాలి, పెనుగులాడాలి, దాన్ని కాదనను. దమ్ము ఉండాలి. కానీ చేరేటప్పుడు అంత ముఖ్యమైన దమ్ము, చేరాక ఎవరికీ గుర్తుండదు. నలభై అయిదేళ్ళ ఇన్‌స్పెక్టర్‌గారిని పరిగెత్తించి, సమయం దాటిందని ఇంటికి పంపడం మనం చూడలేదు. పనికి నిజంగా అవసరమైతే అది ఉద్యోగమంతా అవసరం. గేటు దగ్గర మాత్రమే అవసరమైతే అది జనాన్ని తగ్గించుకునే జల్లెడ.

పనికి దగ్గరగా ఉండే పరీక్షలు పెట్టడం అసాధ్యమేమీ కాదు. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ల నియామకాల్లో నాలుగు గంటల్లో పురుషులకు 25 కిలోమీటర్లు, స్త్రీలకు 16 కిలోమీటర్లు నడక పరీక్ష ఉంది. ఆ అంకెల మీద వాదించవచ్చు. కానీ బీటులో చేయాల్సింది నడకే కాబట్టి పరీక్షకూ పనికీ చుట్టరికం కనిపిస్తుంది. అదే శాఖలో ఇంకో రాష్ట్రంలో జరిగింది చూడండి. రాజస్థాన్‌లో ఫారెస్ట్ గార్డు అభ్యర్థినులు శారీరక సామర్థ్య పరీక్షలో నెగ్గారు. నెగ్గాక ఛాతీ కొలత చాలలేదని తప్పించారు. 2023 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు, స్త్రీల ఛాతీ కొలవడం వాళ్ళ గౌరవాన్ని దెబ్బతీస్తుందని, ఊపిరితిత్తుల శక్తి తెలుసుకోవడానికి వేరే మార్గాలు చూడమని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం హర్యానాలో కూడా ఇలాంటి నిబంధన మీద పెద్ద గొడవ జరిగింది. పరుగు నెగ్గినా స్త్రీ శరీరం మీద అనుమానం పోలేదు.

మరీ వేగంగా పరిగెత్తితే? అప్పుడు అనుమానం ఇంకో రూపం తీసుకుంటుంది. తమిళనాడులో దళిత కూలీల ఇంట పుట్టిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. అదీ 800 మీటర్లలోనే. లింగ నిర్ధారణ పరీక్ష చేసి పతకం వెనక్కి తీసుకున్నారు. కొన్నాళ్ళకు ఆమె ఇటుక బట్టీలో కూలికి పోవలసివచ్చింది. 2009లో బెర్లిన్‌లో 800 మీటర్లు గెలిచిన దక్షిణాఫ్రికా అమ్మాయి కాస్టర్ సెమెన్యాకూ ఇదే అవమానం. మన హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ను 2014లో ఆపేస్తే, ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళి 2015లో ఆ నిబంధనను నిలిపివేయించింది. అయినా కథ ముగియలేదు. 2025 సెప్టెంబర్ నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య స్త్రీల విభాగంలో పరిగెత్తాలంటే జన్యుపరీక్ష తప్పనిసరి చేసింది. నెమ్మదిగా పరిగెత్తితే పనికిరాదు, వేగంగా పరిగెత్తితే ఆడదే కాదు. ఈ రెండు గీతల మధ్య ఇరుకు దారిలో పరిగెత్తమంటున్నారు.

ఇక ఓర్పు మాట. ఇంగ్లీషులో ఎండ్యూరెన్స్ అన్నదానికి మన మాట ఓర్పే. ‘భూదేవంత ఓర్పు’ అని ఆడవాళ్ళను ఎంత పొగుడుతారో! తాగొచ్చి కొట్టినా ఓర్చుకోవాలి, పుట్టెడు చాకిరీ ఓర్చుకోవాలి. ఇంట్లో అంత ఓర్పున్న మనిషికి మైదానంలో మాత్రం ఓర్పు లేదంటారు. నిజానికి దూరం పెరిగేకొద్దీ సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. 2019 జనవరిలో బ్రిటన్‌లో 268 మైళ్ళ కొండదారి పరుగులో జాస్మిన్ పారిస్ అనే స్త్రీ పురుషులందరినీ దాటి మొదట వచ్చింది. 83 గంటలు పట్టింది. పాలు తాగే బిడ్డ తల్లి ఆమె. మజిలీల దగ్గర ఆగి పాలు పిండుకుంటూ పరిగెత్తింది. ఎవరు దృఢం అన్నది ఎంత దూరం, ఏ నేల అన్నదాన్నిబట్టి మారుతుందని ఇది చెబుతుంది. అయితే దీన్ని పట్టుకుని ‘చూశారా, ఆడవాళ్ళకు ఎంత ఓర్పో’ అని మళ్ళీ భూదేవి పాట ఎత్తుకోవద్దని నా మనవి. ఓర్చుకోవడం వేరు, దృఢంగా ఉండడం వేరు.

ఈ పద్ధతి మగవాళ్ళనూ వదలడం లేదు. 2024 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల్లో 60 నిమిషాల్లో 10 కిలోమీటర్లు పరిగెత్తమన్నారు. పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. నిరుద్యోగం తరుముతుంటే పరిగెత్తిన పిల్లలు వాళ్ళు. ఆ తర్వాత ప్రభుత్వం దూరాన్ని తగ్గించింది. అంటే ఆ 10 కిలోమీటర్లు ఆ ఉద్యోగానికి అవసరమే కాదన్నమాట. ఆ మాట ముందే ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే బాగుండేది.

అడగడానికి మనకు చట్టంలోనూ ఆధారం ఉంది. 2021 మార్చిలో లెఫ్టినెంట్ కల్నల్ నితీష కేసులో మన సుప్రీంకోర్టు ‘పరోక్ష వివక్ష’ అన్న భావనను స్పష్టంగా గుర్తించింది. సైన్యంలో శాశ్వత కమిషన్ కోసం స్త్రీలకు పెట్టిన వైద్య ప్రమాణం పైకి అందరికీ ఒక్కటే. కానీ పురుషులను యవ్వనంలో, ఉద్యోగం మొదట్లో కొలిచారు. స్త్రీలకు హక్కు ఆలస్యంగా ఇచ్చి, నలభై దాటాక అదే కొలతతో కొలిచారు. పైకి సమానంగా కనిపించే ప్రమాణం ఫలితంలో వివక్ష కావచ్చని కోర్టు చెప్పింది. కెనడా తీర్పులను కూడా పరిశీలించే ఆ మాట చెప్పింది. మెయోరిన్ 49.4 సెకన్లు మన రాజ్యాంగం దాకా వచ్చాయని నేను అనుకుంటాను.

కాబట్టి మనం చేయగల పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

ఒకటి, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు వేద్దాం. ఈ దూరాలు, ఈ సెకన్లు ఏ అధ్యయనం ఆధారంగా నిర్ణయించారు? అందులో ఎంతమంది స్త్రీలను పరిశీలించారు? 100 మీటర్లను 800 చేసినప్పుడు ఫైలులో రాసిన కారణమేమిటి? ప్రతి దశలోనూ స్త్రీలు ఎంతమంది వచ్చారు, ఎంతమంది తప్పారు? జిల్లాల వారీగా, కులాల వారీగా ఇమ్మని అడగాలి.

రెండు, నోటిఫికేషన్ పడగానే మన సంఘాలు ఉన్న చోట అభ్యర్థినులకు రక్తపరీక్ష చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయ్యే పనే. రక్తం తక్కువున్న పిల్లను ముందు పరిగెత్తించడం కాదు, ముందు తిండి, ఐరన్ మాత్రలు.

మూడు, మైదానం. ప్రతి మండలంలో ప్రభుత్వ కాలేజీ గ్రౌండ్ రోజుకు రెండు గంటలు ఆడపిల్లలకు కేటాయించాలని, దీపాలు, నీళ్ళు, తాళం తీసిన మరుగుదొడ్డి ఉండాలని కలెక్టర్లను అడగాలి. మార్చి 8న మనమూ 2కె రన్ పెట్టి బ్యానర్ పట్టుకుని ఫోటో దిగుతాం. మర్నాటి నుంచి ఆ గ్రౌండ్ ఎవరిదో కూడా చూద్దాం.

నాలుగు, గర్భిణులకు, కొత్తగా కాన్పయినవాళ్ళకు పరుగు తేదీ వాయిదా వేసే నిబంధన ప్రతి నోటిఫికేషన్‌లోనూ రాతపూర్వకంగా ఉండాలి. అధికారి దయ మీద వదలకూడదు. పడిపోతే చూసే వైద్యుడు, అంబులెన్సు మైదానంలో ఉండాలి. ఇది మగపిల్లల కోసం కూడా.

ఒక మాట స్పష్టం చేయాలి. ప్రమాణాలే వద్దని నేను అనడం లేదు. స్త్రీలు పరిగెత్తకూడదనీ అనడం లేదు. తొంభై ఏళ్ళ క్రితం ఆ మాట అన్నవాళ్ళు వేరే ఉన్నారు. మన పిల్లలు పరిగెత్తాలి, ఉద్యోగం కోసం కాకపోయినా పరిగెత్తాలి. ఎనిమిదో తరగతిలో ఆపకుండా పరిగెత్తాలి. అయితే వాళ్ళు గీత దాటినా, దాటలేకపోయినా, ఆ గీత అక్కడే ఎందుకు గీశారో చెప్పవలసిన బాధ్యత గీసినవాళ్ళది. వచ్చే నోటిఫికేషన్ పడేలోగా మన జిల్లాల నుంచి ఆ దరఖాస్తులు వెళ్ళాలి. ఎవరెవరు ఏ జిల్లా తీసుకుంటారో ఈ సాయంత్రం లేచే ముందే రాసుకుందాం.